పేడ ఎత్తడానికి వచ్చే పిల్లలు

ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న డెవన్ కౌంటీలో, టారిడ్జ్ నదికి దగ్గరగా ఇడ్స్‌లీ అనే చిన్న ఊరుంది. ఒక చర్చి, ఒక పబ్బు, గడ్డి కప్పిన కొన్ని ఇళ్లు. ఆ వైపు పాత ఇళ్ల గోడలు మట్టీ గడ్డీ కలిపి తొక్కి లేపినవి కాబట్టి, మట్టిగోడల ఇంట్లో పెరిగిన తెలుగువాళ్లకు మరీ పరాయిగా అనిపించవు. వాన ఎక్కువ, బురద అంతకన్నా ఎక్కువ. ఆ ఊరి దగ్గరే నెదర్‌కాట్ హౌస్ అనే విక్టోరియా కాలం నాటి బంగళా ఉంది. 1976 జనవరిలో బర్మింగ్‌హాం నగరం నుంచి ఒక బడి పిల్లలు వచ్చి ఆ బంగళాలో దిగారు. వారంపాటు ఉండి పందులకు మేత పెట్టి, కోడిగుడ్లు ఏరి, కొట్టాలు ఊడ్చి వెళ్లిపోయారు. వాళ్ల వెనకే ఇంకో బడి వచ్చింది. ఆ రాకపోకలు అర్ధ శతాబ్దంగా సాగుతున్నాయి. లక్షమందికి పైగా పిల్లలు ఈ సంస్థ పొలాల్లో పనిచేసి వెళ్లారు. సంస్థ పేరు ఫార్మ్స్ ఫర్ సిటీ చిల్డ్రన్.

పిల్లలకు పశువులను చూపించే విడుదులు లోకంలో చాలానే ఉన్నాయి. ఆల్ప్స్ కొండల్లో ఆస్ట్రియా రైతులు తమ ఇళ్లలోనే గదులు అద్దెకిచ్చి కుటుంబాలను ఉంచుకుంటారు. రైతు ఇంట్లో అతిథులుండే పద్ధతికి ఇటలీ 1985లోనే ప్రత్యేకంగా చట్టం చేసింది. మన హైదరాబాదు చుట్టుపక్కల కూడా శనాదివారాల ఫార్మ్ స్టేలు పుట్టుకొచ్చాయి. ఇన్నిటిలో నేను నెదర్‌కాట్‌నే ఎంచుకోవడానికి కారణం ఆ వారాన్ని కూర్చిన తీరు. చెయ్యి తిరిగిన వడ్రంగి చేసిన తలుపులా అందులో ఎక్కడా సందు కనబడదు. ఏ పని ఎప్పుడు, ఎవరి చేతికి, ఎంతసేపు, పక్కన పెద్దవాళ్లు ఎంత దూరంలో నిలబడాలి అన్నది ఎవరో ఓపిగ్గా ఆలోచించారు. ఆలోచించినట్టు పిల్లలకు మాత్రం తెలియనివ్వలేదు.

ఆ ఆలోచించినవాళ్లు భార్యాభర్తలు, క్లేర్, మైకేల్ మోర్పర్గో. మైకేల్ ఇప్పుడు పేరున్న పిల్లల రచయిత. 2003 నుంచి 2005 వరకు బ్రిటన్ బాలల ఆస్థాన రచయితగా ఉన్నారు, 2018లో సర్ బిరుదు వచ్చింది. నెదర్‌కాట్‌కు ముందు మాత్రం ప్రాథమిక బడిలో పంతులు. క్లేర్ తండ్రి అలెన్ లేన్. 1935లో పెంగ్విన్ పుస్తకాలను ఆరు పెన్నీలకు అమ్మి, మంచి పుస్తకం డబ్బున్నవాళ్ల అల్మరాలోనే ఉండాలన్న లెక్కను తిరగేసిన మనిషి. ఆయన 1970లో పోయారు. ఆయన ఇచ్చిన వారసత్వంలోంచే కూతురూ అల్లుడూ నెదర్‌కాట్ కొన్నారు. పుస్తకం అందరికీ అందాలన్న తండ్రి డబ్బు, పల్లె అందరికీ అందాలన్న కూతురి పనికి ఖర్చయింది. వారసత్వాల్లో ఇంత చక్కగా పొసిగేవి అరుదు.

ఈ వారానికి నమూనా క్లేర్ బాల్యంలోనే ఉంది. చిన్నప్పుడు ఆమె సెలవులకు ఇడ్స్‌లీ వచ్చేది. అక్కడి డ్యూక్ ఆఫ్ యార్క్ పబ్బు నడిపే రాఫర్టీ దంపతుల దగ్గర దిగేది. ఆ ఇంటాయన షాన్ రాఫర్టీ కవి కూడా. డొంకదారుల్లో తిరగడం, రైతుల వెంట పడటం, చేతనైన పని అందుకోవడం, చీకటి పడ్డాక ఇంటికి రావడం, ఇదీ ఆ పిల్ల దినచర్య. పెద్దయ్యాక పిల్లలకు ఏం ఇవ్వాలా అని భార్యాభర్తలు ఆలోచించినప్పుడు కొత్త సిద్ధాంతమేదీ వెతకలేదు. ఆమెకు దొరికిందే మిగతా పిల్లలకూ దొరికేలా చేయాలనుకున్నారు. అయితే ఒక పిల్లకు యాదృచ్ఛికంగా దొరికినదాన్ని వారం వారం వచ్చే ఒక్కో తరగతికి మళ్లీ మళ్లీ దొరికేలా చేయడం వేరే విద్య. అక్కడే పనితనం మొదలవుతుంది.

మొదటి సంగతి, ఆ పొలం నిజమైన పొలం. పిల్లలు వచ్చి మొదలుపెట్టిన ఆ రోజుల్లో బంగళాను ఆనుకునే ఒక రైతు కుటుంబం ఆవులు, గొర్రెలు, పందులు పెట్టుకుని బతుకుతుండేది. పిల్లల పనులు ఆ రైతు రోజులోంచే వచ్చేవి. మైకేల్ ఆ పొలం మీద ఏడాది పొడుగునా రాసుకున్న దినచర్య 1979లో ‘ఆల్ అరౌండ్ ద ఇయర్’ పేరుతో పుస్తకంగా వచ్చింది. అందులో టెడ్ హ్యూస్ కవితలున్నాయి, జేమ్స్ రావిలియస్ తీసిన ఫొటోలున్నాయి. తర్వాత బ్రిటన్ ఆస్థానకవి అయిన హ్యూస్ ఆ చుట్టుపక్కలే మామగారితో కలిసి పశువులు పెంచినవాడు, ఈ సంస్థకు తొలి అధ్యక్షుడు. కవిత్వం రాయగలిగిన మనిషికి దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి లాగడం కూడా తెలుసు. అలాంటివాళ్లు చుట్టూ ఉండటం వల్ల కాబోలు, సంస్థకు పల్లెను అలంకరించి చూపించే జబ్బు పట్టుకోలేదు.

నిజమైన పొలానికీ చూపించడానికి పెట్టిన పొలానికీ తేడా మేకను చూస్తే తెలుస్తుంది. టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లందరూ పొద్దుటి నుంచీ ఆకులు పెడుతుంటే మధ్యాహ్నానికి ఆ మేక మొహం తిప్పేస్తుంది. దానికి ఆకలి లేదు. పిల్లవాడు చెయ్యి చాపి నిలబడతాడు, ఫొటో తీయడం అయిపోతుంది. ఆ చేతిలో ఆకు లేకపోయినా మేకకు పోయేదేమీ లేదని ఆ వయసు పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. పెద్దవాళ్లమే అర్థం కానట్టు నటిస్తాం. నెదర్‌కాట్‌లో పందికి ఆకలేసే వేళ ఒకటుంది. ఆ వేళకు బకెట్టు రాకపోతే అది కొట్టం ఎగిరిపోయేలా అరుస్తుంది. పదేళ్ల పిల్లకు జీవితంలో బహుశా మొదటిసారి తనకోసం ఇంకో ప్రాణి ఎదురుచూస్తోందన్న సంగతి చెవులు పగిలేలా వినబడుతుంది. ఆ అరుపుకు మించిన పాఠ్యపుస్తకం నేనెరగను.

రెండో సంగతి, పని ఎంపిక. పెద్దవాళ్లకు సహాయం చేయమని పిల్లలకు అప్పగించే పనులు చాలావరకు ఉత్తుత్తివి. చేసినా చేయకపోయినా ఒకటే, చెడగొడితే వెనక నుంచి ఎవరో సర్దుతారు. నెదర్‌కాట్ పనులు అలాంటివి కావు. అలాగని పిల్లల చేతికి మించినవీ కావు. పొద్దున్నే కాఫీ టిఫిన్ల కన్నా ముందు మొదటి విడత పని. చేతులు కడుక్కుని తిన్నాక రెండో విడత, మధ్యాహ్నం ఇంకోటి, చీకటి పడే వేళకు పశువులను సర్దిపెట్టే చివరి చుట్టు. తరగతిని చిన్న జట్లుగా విడగొట్టి జట్టుకో పని ఇస్తారు, పనులు వంతుల మీద మారుతుంటాయి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, వానకోట్లు సంస్థే ఇస్తుంది. అవి వేసుకున్నాక ఎవరి నాన్నకు కారుందో ఎవరికి లేదో పైకి తెలియదు. వాన పడితే పని ఆగదు, పశువుకు వానరోజు సెలవు లేదు కదా. బంగళాలో టీవీ లేదు. పొడుగు బల్లల దగ్గర అందరూ కలిసి తినాలి.

చివరి చుట్టులో కోళ్లను గూట్లోకి సర్దే పని చూడండి. ఇందులోని తెలివి నన్ను బాగా ఆకట్టుకుంది. మన పల్లెల్లో సాయంత్రం కోళ్లను గంప కింద కమ్మే పని పిల్లలదే. అక్కడ గంపకు బదులు చెక్కగూడు. కోళ్లు చీకటి పడేసరికి వాటంతటవే లోపలికి పోతాయి, తరిమే పని లేదు. పిల్లవాడు చేయాల్సింది రెండే: లెక్కపెట్టడం, తలుపు వేసి గడియ పెట్టడం. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ డెవన్ పొలాల్లో నక్కలున్నాయి. గడియ మరిచిపోతే పొద్దున్న ఈకలు మిగులుతాయి. చేతికి తేలికైన పని, మనసుకు బరువైన బాధ్యత. ఎనిమిదేళ్ల పిల్లకు బరువులు ఎత్తే శక్తి లేదు, మాట నిలబెట్టుకునే శక్తి ఉంది, ఈ పని సరిగ్గా దానికే కొలిచి కుట్టినట్టుంది. ఇలాంటి పని దొరకడం కష్టం. మన ఇళ్లలో వెతికి చూడండి, పిల్లవాడు మరిచిపోతే నిజంగా నష్టం జరిగే పని ఒక్కటైనా వాడి పేరున ఉందేమో.

గొర్రెలను ఒక చేలోంచి ఇంకో చేలోకి మార్చడం మరో రకం విద్య. గొర్రెకు మనిషి ఫలానా దూరం దాటి దగ్గరికొస్తే జరిగిపోయే స్వభావముంది. ఆ దూరం అంచున నిలబడితే అది మెల్లగా నడుస్తుంది, లోపలికి దూసుకుపోతే పరుగు తీస్తుంది, మంద చెదురుతుంది. అందుకని పిల్లలు చేతులు చాచి వరసగా నిలబడి కంచెలా మారాలి, అందరూ ఒకే తీరుగా అడుగులు వేయాలి. ఒకడు ఉత్సాహం పట్టలేక ముందుకు ఉరికితే చాలు, వాడి పక్కనుంచే సందు చేసుకుని గొర్రె జారిపోతుంది. దాని వెనకే మిగతావన్నీ. మళ్లీ మొదటికి. తిట్టాల్సిన పనిలేదు, తప్పు ఎక్కడ జరిగిందో అందరి కళ్లముందే ఉంది. తరగతి గదిలో పిల్లలను వరసలో నిలబెట్టడానికి పంతులు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాడు. ఇక్కడ ఆ పని గొర్రెలు చేస్తాయి. గొర్రె తెలివితక్కువదన్న మన సామెతల గొడవ పక్కన పెడితే, కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహాం సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన పరిశోధనలో గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకున్నట్టు తేలింది.

ఆవు దగ్గరికి వెళ్లే పద్ధతి ఇంకా సూక్ష్మం. ఆవు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి దాదాపు చుట్టూ కనబడుతుంది, సరిగ్గా వెనక భాగం తప్ప. వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్లినవాణ్ని తన్నడం దాని తప్పు కాదు. భుజం వైపు నుంచి, కనబడుతూ, గొంతు వినిపిస్తూ, నెమ్మదిగా వెళ్లాలి. పట్నం పిల్లలకు ఈ నెమ్మదితనం కొత్త. బడి గంటకూ బస్సుకూ ట్యూషన్‌కూ పరుగులు పెట్టిన ఒళ్లు అది. ఆవు దాన్ని మొదటి రోజు ఒప్పుకోదు. మూడో రోజుకో నాలుగో రోజుకో పిల్లవాడి నడకే మారుతుంది. మన పాడిరైతులకు ఇది చెప్పక్కర్లేదు. మనిషి మారితే గేదె చేపదని, తెలిసిన చెయ్యి తగిలితేనే పాలు విడుస్తుందని ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. ఇంగ్లండు డైరీల్లో పాలు పితికేది యంత్రాలే. పిల్లల వంతుకు వచ్చేవి ఆవులను తోలుకురావడం, దూడలకు పాలు పట్టడం, నేల కడగడం లాంటివి.

వారం అన్న గడువు కూడా ఆలోచించి పెట్టిందే. ఒక్కరోజు వచ్చి వెళ్లే పిల్లవాడు ముక్కు మూసుకుని వస్తాడు, ముక్కు మూసుకునే పోతాడు. రెండో రోజుకు కంపు అలవాటవుతుంది. మూడో రోజుకు ఏ పంది దుడుకుదో, ఏ గొర్రెపిల్ల వెనకబడుతుందో తెలుస్తుంది. అక్కడి నుంచి చూపు మారుతుంది. పశువులన్నీ ఒకటే అనుకున్నవాడు ఒక్కోదాన్ని విడిగా చూడటం మొదలెడతాడు. వారం నిండేసరికి పని వచ్చేసింది, ఇంకా విసుగు రాలేదు. సరిగ్గా అప్పుడు బస్సెక్కిస్తారు. రెండు వారాలైతే మోజు తగ్గి చాకిరీ అనిపించవచ్చు. ఎక్కడ ఆపాలో తెలియడం కథకుడి గుణం. మైకేల్ కథకుడు కావడం ఇక్కడ పనికొచ్చిందని నా అనుమానం. వారం చివర్లో ఒక సాయంత్రం ఆయనే కూర్చుని తన కథ చదివి వినిపించేవారు. పాతికేళ్లపాటు భార్యాభర్తలిద్దరూ పిల్లలతోపాటు బూట్లు తొడుక్కుని పొలం పనికి వెళ్లారు. పిల్లలకు చేసిన సేవకు ఇద్దరికీ 1999లో బ్రిటిష్ ప్రభుత్వం ఎంబీఈ గౌరవం ఇచ్చింది.

ఈ బంగళా గురించి ఎక్కువమందికి తెలిసిన సంఘటన ఒకటుంది. మైకేల్ చాలా చోట్ల చెప్పారు కూడా. బర్మింగ్‌హాం నుంచి వచ్చిన ఒక జట్టులో బాగా నత్తి ఉన్న అబ్బాయి. బడిలో ఎవరితోనూ మాట్లాడడు. వాణ్ని ఏ ప్రశ్నా సూటిగా అడగొద్దు, అడిగితే బెదిరి పారిపోతాడని టీచర్లు ముందే చెప్పిపెట్టారు. వారంపాటు ఆ పిల్లవాడు పని చేశాడు, నోరు విప్పలేదు. చివరి సాయంత్రం చీకట్లో కథ చదవడానికి వస్తున్న మైకేల్‌కు గుర్రాల కొట్టం తలుపు దగ్గర లాంతరు కింద, ఇంట్లో వేసుకునే చెప్పులతో నిలబడ్డ ఆ అబ్బాయి కనిపించాడు. హీబీ అనే గుర్రంతో మాట్లాడుతున్నాడు. ఆ రోజు పొలంలో ఏమేం చేశాడో, ఏమేం చూశాడో, గొంతు తడబడకుండా గలగలా చెప్పేస్తున్నాడు. మైకేల్ వెళ్లి టీచర్లను పిలుచుకొచ్చారు, అందరూ నీడలో నిలబడి విన్నారు. గుర్రం కదలకుండా నిలబడి వింటున్నట్టే ఉందట. గుర్రం చెప్పిన కథగా మొదటి ప్రపంచయుద్ధం మీద నవల రాయొచ్చన్న ధైర్యం ఆయనకు అక్కడ వచ్చింది. డ్యూక్ ఆఫ్ యార్క్ పబ్బులో ఆ యుద్ధంలో గుర్రాలతో పనిచేసిన ముసలివాళ్లు చెప్పిన సంగతులు అప్పటికే మనసులో ఉన్నాయి. 1982లో ‘వార్ హార్స్’ వచ్చింది. చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2007లో లండన్ నేషనల్ థియేటర్ దాన్ని నిలువెత్తు కీలుబొమ్మ గుర్రాలతో నాటకంగా ఆడించాక, 2011లో స్పీల్‌బర్గ్ సినిమా తీశాక లోకమంతా తెలిసింది.

ఈ సంఘటనను అందరూ అద్భుతంలా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో అద్భుతం కన్నా ఏర్పాటు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పిల్లవాణ్ని ఎవరూ ప్రశ్నలు అడగలేదు. అది వాళ్ల మంచితనమొక్కటే అనుకోకండి, టీచర్లు ముందే చెప్పిన మాటను అందరూ వారంపాటు పాటించారు. గుర్రం దగ్గరికి వెళ్లే దారి మూసి లేదు. రోజూ ఒకే గుర్రం, ఒకే కొట్టం. చెప్పడానికి వాడి దగ్గర సరుకుంది, ఎందుకంటే పొద్దుటి నుంచీ చేతులతో ఏదో చేశాడు. చేసిన పనే లేకపోతే మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అన్నిటికన్నా పెద్ద నైపుణ్యం చివర్లో ఉంది. ఆ మాటలు విన్న పెద్దవాళ్లు చప్పట్లు కొట్టి ముందుకు రాలేదు. నీడలోనే ఉండిపోయారు. పిల్లవాడు మాట్లాడుతున్నాడన్న ఆనందంలో దగ్గరికెళ్లి భుజం తట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. మన ఇళ్లలో పిల్ల ఒక మంచి పని చేస్తే వెంటనే ఫోను తీసి వీడియో పెట్టే మనకు ఈ సంయమనం నేర్చుకోవలసిన విద్యే.

నెదర్‌కాట్ తర్వాత ఇంకో రెండు పొలాలు చేరాయి. 1989లో వేల్స్‌లో ట్రెగినిస్, సెయింట్ డేవిడ్స్ పక్కన సముద్రపు గట్టు మీద. ఆ దేశానికి పడమటి చివరి పొలం అదే. ఆ పక్కనున్న సెయింట్ డేవిడ్స్ జనాభా లెక్కన బ్రిటన్‌లోకెల్లా చిన్న నగరం. తర్వాత గ్లాస్టర్‌షైర్‌లో, సెవర్న్ నది వంపులో, చుట్టూ కందకమున్న విక్ కోర్ట్ అనే పాత ఇల్లు. ఈ ఇంటి కథ పశువుల మీద ప్రేమున్నవాళ్లకు నచ్చుతుంది. గ్లాస్టర్ అనే దేశీయ ఆవుజాతి అంతరించే దశలో ఈ ఇంట్లోని డౌడ్స్‌వెల్ అక్కచెల్లెళ్లే తమ మందను అట్టిపెట్టి జాతిని నిలబెట్టారు. 1972లో ఆ మందను అమ్మేసినప్పుడు ఆసక్తి ఉన్నవాళ్లు కొని పంచుకున్నారు, మరుసటి ఏడు ఆ జాతి కోసం సంఘం మళ్లీ లేచింది. గ్లాస్టర్‌షైర్ వాళ్లకు ఓల్డ్ స్పాట్ అనే నల్లమచ్చల పంది కూడా ఉంది. ఆపిల్ తోటల్లో రాలిన కాయలు తిని పెరిగేది. నెత్తిన కాయలు పడి కమిలిన గాయాలే ఆ మచ్చలని అక్కడి ముసలివాళ్లు పిల్లలకు చెబుతారు. పిల్లలు నమ్మరు, అయినా మళ్లీ చెప్పమంటారు.

ఇదంతా తీపిగానే ఉందనుకుంటే పొరపాటు. పొలంలో చావు ఉంది. గొర్రెలు ఈనే కాలంలో పుట్టిన పిల్లకు మొదటి కొన్ని గంటల్లోనే జున్నుపాలు దక్కాలి. తల్లి కడుపులో ఉండగా దానికి రోగాలను తట్టుకునే శక్తి చేరదు, ఆ పాలే ఆధారం. ఆలస్యమైతే పిల్ల చచ్చిపోవచ్చు. చచ్చిన పిల్ల తోలు ఒలిచి అనాథ పిల్లకు కప్పి, వాసన చూసి తల్లి దాన్ని తనదనుకునేలా చేయడం కాపరుల పాత పద్ధతి. చూడటానికి కర్కశం, ఫలితం మాత్రం ఒక ప్రాణం. పందులు కబేళాకు వెళతాయి. బకెట్టు మోసిన పిల్లకు ఆ సంగతి దాచి పెట్టడం మర్యాద అనిపించుకోదు. సాసేజ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసి తినడం, తెలిసి మానేయడం, రెండూ ఆ పిల్ల ఇష్టం. నేనైతే దాచకపోవడాన్నే ఈ పద్ధతిలోని గట్టి మేకు అంటాను.

జబ్బుల భయం ఇంకా పెద్దది. 2001లో గాలికుంటు బ్రిటన్‌ను చుట్టేసింది. 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. డెవన్ బాగా దెబ్బతిన్న కౌంటీల్లో ఒకటి, పొలాల గుండా వెళ్లే కాలిబాటలన్నీ మూసేశారు. మైకేల్ ఆ ఏడే ‘అవుట్ ఆఫ్ ద యాషెస్’ రాశారు, తన ఇంటి మందను పోగొట్టుకున్న రైతుబిడ్డ డైరీ రూపంలో. 2009లో సర్రే కౌంటీలో సందర్శకులు వెళ్లే ఒక పొలంలో ఇ.కోలై ఓ157 సోకి 93 మంది జబ్బుపడ్డారు, ఎక్కువమంది చిన్నపిల్లలే. పేడలో ఉండే ఆ క్రిమి చేతిలోంచి నోట్లోకి పోతుంది. చేతులకు రాసుకునే జెల్ దాన్ని ఆపదు, సబ్బూ పారే నీళ్లూ కావలసిందే. అందుకే నెదర్‌కాట్ లాంటి చోట్ల పనికీ తిండికీ మధ్య చేతులు కడుక్కునే కుళాయి దగ్గర పెద్దవాళ్లు నిలబడి చూస్తారు. వడ్డించే బల్ల కన్నా ఆ కుళాయి ముఖ్యం.

ఇక మన సంగతి. పశువులు కాసే పిల్లవాడు అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది సెలవుల ఆనందం కాదు. తెలంగాణలో జీతం కుదిరిన పిల్లలు, కోస్తాలో పాలేరు పిల్లలు, తండ్రి చేసిన అప్పుకు ఆసామి దొడ్లో పేడ ఎత్తిన పిల్లలు మన మధ్యే పెరిగారు. ఎంవీ ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో అలాంటి పిల్లలను కొట్టాల నుంచి బడికి తెచ్చింది. ఆ పనికే శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. మరి ఒక పిల్లవాణ్ని పేడగంప నుంచి విడిపించడం గొప్ప పనైతే, ఇంకో పిల్లవాడి చేతికి అదే గంప ఇవ్వడం ఎలా గొప్పవుతుంది? ఈ ప్రశ్న అడగకుండా నెదర్‌కాట్‌ను మెచ్చుకోవడం అన్యాయం. గంప ఒకటే, చుట్టూ ఉన్నవి వేరు. అక్కడ పిల్లతోపాటు టీచరు ఉంటారు, వారం తర్వాత బడి ఉంటుంది, ఇష్టం లేకపోతే పక్కకు తప్పుకోవచ్చు, ఆ శ్రమ మీద ఎవరూ లాభం తీయరు. అంతేకాదు, ఆ సంస్థ ముందుగా పిలిచేది నగరాల్లో ఇరుకు ఇళ్లలో, పేదరికంలో పెరిగే పిల్లలనే. బడి చెల్లించేది కొంత, మిగతా ఖర్చు విరాళాల మీద సంస్థే మోస్తుంది.

మన ఫార్మ్ స్టేల దగ్గరికి వస్తే లెక్క తలకిందులు. ఖర్చు పెట్టగలిగినవాళ్లే వెళతారు. ట్రాక్టరు మీద ఒక చుట్టు, మేకకు ఆకు, మట్టికుండలో పెరుగు, ఈతకొలను, సెల్ఫీ. తప్పు పట్టడానికి ఏం లేదు, హాయిగా ఒక రోజు గడుస్తుంది. కానీ ఆ చోట్ల ఎక్కువ భాగం పిల్లల కోసం పశువులను తెచ్చిపెట్టినవి, పశువుల కోసం పిల్లలు వచ్చినవి కావు. గేదెలకు కుడితి పెట్టే వేళకు అతిథులు భోజనాల దగ్గరుంటారు. సాయంత్రం దొడ్డి ఊడ్చే వేళకు తిరుగు ప్రయాణంలో ఉంటారు. ఆ రెండు వేళలే పిల్లలకు ఇవ్వవలసినవి. దానికి ఖర్చేమీ లేదు. అతిథుల భోజనం, తిరుగు ప్రయాణం గంట ఆలస్యం చేస్తే చాలు.

మీరు ఈ వేసవిలో పిల్లలతో ఏదైనా పొలానికి వెళ్లాలనుకుంటే, గది ఎలా ఉంటుందో ఈతకొలను ఉందో లేదో తర్వాత అడగండి. ముందు ఆ యజమానిని ఈ మూడు అడగండి: మా పిల్లలు రాకపోయినా రోజూ జరగాల్సిన పని వాళ్లకు ఏది ఇస్తారు, ఆ పని ఎన్ని గంటలకు, పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి సబ్బూ కుళాయీ ఎక్కడున్నాయి. ఒక్క పూట కోసం వెళ్లకండి, కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకోండి. పిల్లలు పనిలో ఉండగా ఫోను గదిలోనే వదిలేసి రండి.